ఆకాశం లేని సినిమా

జమ్మలమడుగు దాటాక మా బస్సు గొర్రెల మంద మధ్య ఇరుక్కుంది. తడిసిన ఉన్ని వాసన కిటికీల్లోంచి గుప్పున కొట్టగానే పక్కావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం తల బయటికి పెట్టి గుండె నిండా పీల్చుకున్నాను. ఓబులమ్మవ్వ గుర్తుకొచ్చింది. నేను తీసిన మొదటి సినిమాలో ఉన్నది ఆమె, ఆమె గొర్రెలు, అంతే.

మొగుడూ కొడుకూ పోయిన ముసలి మనిషి ఇంకా ఎవరి కోసం బతుకుతోంది? నేను సినిమాగా తీయాలనుకున్న ప్రశ్న అదే. మొదటి రోజు పులివెందుల దారిలో ఒక బీడు భూమిలో ఆమెను నిలబెట్టి, "అవ్వా, వాన కోసం ఆకాశం తట్టు దిగులుగా చూడు" అన్నాను. నేను నేర్చుకొచ్చిన చదువు అలాంటిది మరి!

"పైన ఏముంది పాపా? గొర్రె మేసేది కింద గదా" అంది.

"మరి వానొస్తాదని ఎట్ల తెలుస్తాది?"

కర్రతో నేల చూపించింది. చీమలు గుడ్లు మోసుకుంటూ గట్టెక్కుతున్నాయి. "ఇవి జెప్తాయి. నా కొడుకు పోయిన రోజు గూడా నేను పైకి జూసి అడుక్కోలే. తెల్లార్నే మందను తోలుకపోయినా. వాటికి ఆకలైతాంది గదా."

నాకు సిగ్గేసింది. ఆ రోజు నుంచి కెమెరాను నేల వైపే వంచాను. గిట్టలు, పల్లేరుకాయలు, పగిలిన మడమలు. ఆమె ముఖం తీసినా వెనక మట్టే ఉండాలి. సినిమా మొత్తం వెతికినా జానెడు ఆకాశం దొరకదు.

సినిమా కొనడానికొచ్చిన పెద్దమనిషి చూసి, "చివర్లో మబ్బుల షాట్ ఒక్కటి పెట్టండి. జనానికి ఆశ కలగాలి. లేదంటే మాకొద్దు" అన్నాడు. అబద్ధమెందుకు, మెత్తబడ్డాను. రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుందని భయపడ్డాను. ప్రొద్దుటూరులో ఒక చిన్న హాల్లో అవ్వకు సినిమా వేసి చూపించి, ఆ మాట కూడా చెప్పాను.

"పెట్టుకో పాపా, నీ సినిమా నీ ఇష్టం. నన్ను మాత్రం దాంట్లోనుంచి తీసెయ్. పైకి జూసి అడుక్కునేది నేను గాదు" అంది. మందకు పొద్దుపోతాందని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మబ్బులు పెట్టలేదు. సినిమాను ఎవరూ కొనలేదు. నేనే ఊరూరా మోసుకెళ్లి చూపిస్తున్నాను, ఇప్పుడూ ఆ పని మీదే పోతున్నాను. అవ్వ పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి, కొంటాం గానీ కాస్త ఆకాశం కావాలంటారు. ఓబులమ్మవ్వ పైకి చూసిన రోజు తప్పకుండా పెడతానని చెప్పి ఫోన్ కట్ చేస్తాను.