బంగళాకు సలాం కొట్టిన పసివాడు

ఉద్యోగం చేసినన్నాళ్లూ జీతం తీసుకోవడానికి వేలిముద్రే వేశాను. పని మానేశాకే వయోజనుల బడిలో అక్షరాలు వచ్చాయి. అందుకే ఈ సంగతి ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం లక్సెట్టిపేట తాలూకాలోని ఒక బొగ్గుగనిలో, పిల్లల గదికి నన్ను ఆయాగా వేశారు. బొగ్గు ఏరే ఆడవాళ్లు పని దిగేదాకా వాళ్ల పసిపిల్లలను చూడాలి. డాక్టరు కింద నర్సు, నర్సు కింద ఆయా. ఆయా కింద ఎవరూ లేరు.

బొగ్గు ఏరే రాజవ్వ కొడుకుకు అప్పుడు ఏడో నెల. నిద్ర లేవగానే తల వంచి రెండు చేతులూ ముందుకు చాచేవాడు. మళ్లీ, మళ్లీ. చూసినవాళ్లంతా "సలాం కొడుతుండు" అని మురిసిపోయారు. నిజాం పోయినా మా గనిలో సలాములు పోలేదు. మేనేజరు దొర, చుట్టాలు వచ్చినప్పుడల్లా జవానును పంపి వాణ్ని బంగళాకు తెప్పించుకునేవాడు. కూలీలంతా వంగడం చాలక, కూర్చోవడం రాని బిడ్డ కూడా వంగాలి ఆ పెద్దమనిషికి. తండ్రి మల్లయ్య బదిలీ కూలీ, అంటే ఎవరైనా రాని రోజే పని. "నా కొడుకు సలాంతోని నాకు పర్మినెంటు అయితది" అని కల్లు దుకాణంలో చెప్పుకునేవాడు.

రాజవ్వ ఒక్కతే నవ్వలేదు. "సలాం కొట్టినంక ఏడుస్తుండక్కా. మొన్నటిదాక నన్ను జూసి నవ్వెటోడు, ఇప్పుడు నవ్వుతలేడు," అంది.

భార్యాభర్తలను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన పిల్లవాడి సలాములు చూసి, తర్వాత మల్లయ్య ముఖం చూశాడు. ముక్కుకు ఇరుపక్కలా ఎర్రని గింజల్లాంటి పొక్కులు.

"గవి బొగ్గు దుమ్ముకు లేసినయ్ సార్," అన్నాడు మల్లయ్య.

చిన్నప్పుడు మూర్ఛ వచ్చేదా అని డాక్టరు అడిగాడు. మల్లయ్య నేల చూస్తూ తల ఊపాడు. రాజవ్వకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

పిల్లవాడి సలాములు కూడా మూర్ఛలేనని డాక్టరు చెప్పాడు. మెదడులో గడ్డలుంటాయి, తండ్రి నుంచి వచ్చింది, ఆయన ముఖం మీది పొక్కులూ దీనివే, పూర్తిగా మానదు. బిళ్ల రోజూ వేయాలి, మధ్యలో ఆపకూడదు. పెద్దయ్యాక మూత్రపిండాలు కూడా చూపించుకుంటూ ఉండాలి. ఈ జబ్బుకు ట్యూబరస్ స్క్లెరోసిస్ అన్న పేరు మాత్రం నేను చదువు వచ్చాక ఒక ఆరోగ్య పుస్తకంలో చూశాను.

బయటికి రాగానే మల్లయ్య, "బిళ్ల ఏస్తే సలాం బందైతది. రేపు దొర చుట్టాలొస్తున్నరు. ఎల్లుండి సంది ఏద్దాం," అన్నాడు.

"నీ పర్మినెంటు కోసం వాడు మూర్ఛవోవాల్నా? నువ్వే పోయి వంగు," అని రాజవ్వ బిళ్లల పొట్లం నా చేతిలో పెట్టింది.

చూసేవాళ్లకు ముచ్చటైన జబ్బు ముదిరేదాకా జబ్బు అనిపించుకోదు. బిడ్డ ఎలా ఉన్నాడని తల్లిని అడగాలి, మురిసేవాళ్లను కాదు. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే.

మరునాడు పొద్దున, డాక్టరు చెప్పినంత బిళ్ల నూరి తల్లిపాలలో రంగరించి వాడి నోట్లో పోశాను. అంతలో జవాను వచ్చి, "దొర పిలుస్తుండు, పిలగాన్ని ఇయ్యి," అన్నాడు. తల్లి వద్దన్నదని చెప్పి, తలుపు గొళ్లెం పెట్టాను.