డబ్బా మోత

హోసూరులో గులాబీ తోట చూసుకునే యతీశ్ ఒకప్పుడు ప్రోగ్రామరు. స్నేహితుడు గోపీనాథ్‌తో కలిసి బటన్ ఫోన్లకు ఆటలు చేసేవాడు. రాగిచేలో పడ్డ ఏనుగును, వినాయకుడి రూపమని దెబ్బ వేయకుండా, డబ్బా కొట్టి తరిమే ఆట ఒకటి. అందులోని డబ్బా మోత యతీశ్ తన చేత్తో కొట్టి రికార్డు చేసిందే. దాన్ని పట్టుమని పదిమంది ఆడలేదు.

ఇప్పుడు గోపీనాథ్ ఒక్కడే దాన్ని మళ్లీ చేస్తే అందరూ మెచ్చుకుంటున్నారు. యతీశ్‌కు కడుపు మండింది. తప్పు వెతకాలనే ఆడి, ఫోన్ చేశాడు.

"ఏమప్పా, నీ డబ్బా మోతకు పిల్లి కూడా కదలదు!"

"నిజమే అప్పా. ఆ మోత నీ చేతిది, నాకు రాలేదు. ఆటలో నీ పేరే ముందు పెట్టినాను, చూడలేదా?"

మంచితనంలోనూ వాడిదే పైచేయి అయ్యేసరికి యతీశ్‌కు ఇంకా ఉడుకెక్కింది.

"రేపు వస్తా. డబ్బా నేనే కొడతా," అన్నాడు.