చెరువు చూడటానికి పోయిన పంతులమ్మలు

పోయిన వేసవిలో, ఈ వయసులో మీకెందుకమ్మా అని ఇంట్లో అందరూ అంటున్నా వినకుండా, నేనూ మా ఆపా కలిసి ఇటలీకి పోయి ఒక సరస్సు చుట్టూ నడిచి వచ్చాము. ఆపా అంటే ఉర్దూలో అక్క, అయినా ఆమె నా తోబుట్టువు కాదు. కోరుట్లలో పుట్టి పెరిగిన ఉర్దూ ఇంటి ఆడపడుచు, నాకంటే రెండేళ్ళు పెద్దది, నాతో పాటు ఒకే బడిలో ఉద్యోగం మొదలుపెట్టిన మనిషి. మా చెల్లెలి బిడ్డకు ఇలాంటి యాత్రల సంగతులు వెతకడం సరదా. ఎనిమిది మందికి మించని చిన్న గుంపు, ముందు నడిచే ఒక గైడు, రోజుకు రెండు మూడు గంటల నడక, మోకాళ్ళు ఒప్పుకున్నంత దూరమే అని చెప్పి, తానూ తోడు వస్తానని మమ్మల్ని బయలుదేరదీసింది.

ఓర్తా అనే ఆ సరస్సు మరీ పెద్దదేమీ కాదు. నడుమ చిన్న దీవి, దాని మీద సన్యాసినుల మఠం, చుట్టూ పచ్చని కొండలు, నీళ్ళ అంచునే రాళ్ళు పరిచిన సన్నని బాటలు. మా గైడు నలభై ఏళ్ళ మనిషి, ప్రతి మలుపు దగ్గరా ఆగి వెనక్కి తిరిగి వేలుతో మమ్మల్ని లెక్కపెట్టుకునేది. ఎత్తు ఎక్కవలసి వచ్చినప్పుడల్లా "పియానో, పియానో" అనేది. మెల్లగా, మెల్లగా అని అర్థమట. దానికి ఆపా అదే మాటను ఉర్దూలో "ఆహిస్తా, ఆహిస్తా" అని జవాబిచ్చేది. రెండో రోజు మధ్యాహ్నానికి గైడే ఆహిస్తా అనడం మొదలుపెట్టింది.

మూడో రోజు పొద్దున బాట రెండుగా చీలిన చోట ఆమె చెయ్యి అడ్డం పెట్టి మమ్మల్ని ఆపింది. నీళ్ళ పక్క బాటలో వద్దు, ఈరోజు పైనుంచి చుట్టు తిరిగి పోదాం అంది. వానకు కొండరాళ్ళు జారాయని అక్కడ అంటించిన కాగితం చూపించింది, ఫోనులో పటం చూపించింది, ఎంత దూరం ఎక్కువవుతుందో చెప్పి, మాకు కలిగిన ఇబ్బందికి క్షమాపణ కూడా అడిగింది. మిగతావాళ్ళు సరేనని కదిలారు. నేను కదలలేకపోయాను. పక్కకు చూస్తే ఆపా కూడా నిలబడిపోయి ఉంది. ఇద్దరి మనసులోనూ ఒకే మనిషి మెదిలిందని ఆపా నా చెయ్యి పట్టుకున్న తీరులోనే తెలిసింది.

మాది మల్యాల దగ్గర ఒక పల్లె. తాతల నాటి నుంచి పటేళ్ళం. నేను కాలేజీలో ఉండగానే అన్నలు, అంటే నక్సలైట్లు, ఊరు విడిచి పొమ్మని మా తలుపుకు ఎర్ర అక్షరాల కాగితం అంటించి పోయారు, వారం తిరక్కుండానే నాయన ఇంటికి తాళం వేసి మమ్మల్ని జగిత్యాలకు తెచ్చాడు. మా వాళ్ళు అంతకు ముందు ఊరివాళ్ళను ఎలా చూశారో, ఎవరి చేత ఏ పని ఊరికే చేయించుకున్నారో అప్పటికి నాకు సగమే తెలుసు. తెలిసిన ఆ సగం కూడా గర్వపడేది కాదు. అటువంటి ఇంటి పిల్లకు పంతులమ్మ ఉద్యోగం వచ్చి, వీర్నపల్లికి అవతల అడవి అంచు ఊరికి వేశారంటే నాయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, "మనల్ని ఎల్లగొట్టినోళ్ళ నడుమకే పోతవా బిడ్డా" అని ఒక్క మాట అన్నాడు. అమ్మ మాత్రం నా పెట్టె సర్దింది.

సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల చప్పుడు ఆగని ఒక వీధిలో నేనూ ఆపా గది తీసుకున్నాము. పొద్దున్నే బస్సెక్కి రోడ్డు మీద స్టేజీ దగ్గర దిగేవాళ్ళం. అక్కడి నుంచి ఊరికి నాలుగు కిలోమీటర్ల మట్టిబాట. అంతకు ముందు ఏడు ఒక బస్సును తగులబెట్టినప్పటి నుంచి ఊళ్ళోకి బస్సు రావడం మానేసింది. మా ఇద్దరితో పాటు లెక్కల సారు, ఆసుపత్రి నర్సమ్మ, మొత్తం నలుగురం రోజూ కలిసి నడిచేవాళ్ళం. ఆ రోజుల్లో కొత్త మనుషులు ఆ బాటలో నడిస్తే పోలీసులకు ఒక అనుమానం, అడవిలో ఉండే అన్నలకు మరొక అనుమానం. అందుకని సర్పంచు మా వెంట ఒక మనిషిని పెట్టాడు. మేము ఆమెను పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం.

పెద్దమ్మ రోజూ పొద్దున స్టేజీ దగ్గరి హోటలుకు పెరుగు తెచ్చి పోసి, ఖాళీ కుండ నెత్తిన పెట్టుకొని మమ్మల్ని వెంటబెట్టుకొని పోయేది. అరవై ఏళ్ళుంటాయేమో, మాకంటే వేగంగా నడిచేది. బాట పొడుగునా గట్టిగా మాట్లాడుతూనే ఉండేది. బర్రె ఈనిన సంగతి, కోడలు అలిగిన సంగతి, దేనికైనా అదే గొంతు. ఇంత గట్టిగా ఎందుకు పెద్దమ్మా అని మొదటి వారంలో అడిగాను. "అచ్చేది పంతులమ్మలని చెట్లకు తెలువద్దా బిడ్డా" అంది. ఆ తరువాత నేనూ గొంతు పెంచే మాట్లాడాను.

నేను ఎవరి బిడ్డనో ఆమెకు తెలుసునని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆమె పుట్టిల్లు మా మల్యాల వైపే. చిన్నప్పుడు వాళ్ళ అమ్మ మా పొలాల్లో నాట్లు వేసిందట. ఆ మాట కూడా ఎవరో చెప్పారు తప్ప ఆమె ఎప్పుడూ ఎత్తలేదు.

రెండో ఏడు వానలు బాగా పడ్డాయి. ఆ రోజు మేము బస్సు దిగేసరికి పెద్దమ్మ కుండ పక్కన పెట్టుకొని ఎదురుచూస్తోంది. ఎప్పుడూ ముందు పలకరించే మనిషి పలకరించలేదు. సగం దూరం పోయాక బాట వదిలి పక్కకు తిరిగింది.

"ఇయ్యాల గీ బాట వద్దు. చెరువు చుట్టూ తిరిగి పోదాం."

ఎందుకని లెక్కల సారు అడిగాడు. చెరువు చుట్టూ అంటే ఇంకో రెండు కిలోమీటర్లు ఎక్కువ, బడికి ఆలస్యమవుతుందని నేనూ అన్నాను. పెద్దమ్మ వెనక్కి తిరగలేదు. "కాళ్ళున్నయి గద, నడువుండ్రి" అంది. ఆ రోజు గట్టిగా మాట్లాడలేదు. కట్ట మీద బురదలో చెప్పులు కూరుకుపోయాయి. నిండిన చెరువు పొర్లిపోయే మత్తడి దగ్గర మోకాలు లోతు నీళ్ళలో ఒకరి చెయ్యి ఒకరం పట్టుకొని దాటాము. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటుంటే, ఈ ముసలమ్మకు ఈరోజు ఏమైందని లోపల విసుక్కున్నాను. ఆ విసుగు ఇప్పటికీ గుర్తుంది.

బడికి చేరి చీర పిండుకుంటుండగా భూమి ఒక్కసారి అదిరినట్టయింది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. పిల్లలు ఏడవలేదు, లేచి నా చుట్టూ చేరారు. కాసేపటికి తెలిసింది, మేము రోజూ దాటే కల్వర్టు పేలిందని, పోలీసు జీపు అప్పుడే దాని మీదికి వచ్చిందని. ఒక కానిస్టేబులు అక్కడికక్కడే పోయాడు. పెళ్ళయి ఆరునెలలే అయిందని తరువాత విన్నాము.

ఊరి మీదికి పోలీసులు వచ్చారు. మగవాళ్ళు సగం మంది చేలల్లోకి పారిపోయారు. మూడో రోజు ఎస్సై బడికి వచ్చి, పిల్లల్ని ఇళ్ళకు పంపించి, మమ్మల్ని ఒక్కొక్కరినే తరగతి గదిలోకి పిలిచాడు. అప్పటికే పెద్దమ్మను పొద్దున్నుంచి పంచాయతీ ఆఫీసు ముందు కూర్చోబెట్టారని తెలుసు. పంతుళ్ళు ఆ రోజు చెరువు మీదుగా వచ్చారని ఎవరో చెప్పినట్టున్నారు.

నన్ను ముందు పిలిచాడు. రోజూ పోయే బాట వదిలి ఆ రోజు చెరువు చుట్టూ ఎందుకు పోయారని, అటు తీసుకుపోయింది ఎవరని అడిగాడు. ఆలోచించుకోవడానికి నాకు సమయం లేదు. ఇప్పుడు ఎంత తలచుకున్నా ఆ మాట ఎలా వచ్చిందో చెప్పలేను.

"నేనే సార్. చెరువు నిండిందట, చూద్దామని నేనే అడిగిన."

ఆయన నన్ను కింది నుంచి పైకి చూశాడు. "చెరువుల ఏముంటది మేడం చూడనీకి?"

"నీళ్ళు సార్."

ఆయన నవ్వలేదు. ఊరేదని అడిగాడు. చెప్పాను. నాయన ఎవరని అడిగాడు. ఆ ప్రశ్నకు తలవంచుకోవడం అలవాటైన దాన్ని, ఆ రోజు మాత్రం తలెత్తి, మా ఊరి పేరు, పటేల్ బిడ్డనన్న మాట, అన్నల కాగితానికి భయపడి ఇల్లు వదిలి జగిత్యాల చేరామన్న మాట, అన్నీ వరసగా చెప్పాను. అప్పుడు ఆయన కూర్చున్న తీరు మారింది. నన్ను కూర్చోమన్నాడు. అటువంటి ఇంటి ఆడపిల్ల అన్నల మనిషిని కాపాడుతుందని ఆయనకు తోచలేదు. మా ఇంటి పేరు ఊరికి చేసిన మేలు నాకు తెలిసినంతలో అదొక్కటే.

తరువాత ఆపాను పిలిచాడు. మేము ఒక్క మాట కూడా అనుకొని ఉండలేదు. నేను గుమ్మం అవతల నిలబడి విన్నాను. ఆపా గొంతు మాత్రం పిల్లలకు ఎక్కం చెప్పినట్టే ఉంది.

"హౌ సార్, గామెకు నీళ్ళంటే పిచ్చి. సిరిసిల్లల మానేరు చూడనీకి గూడ నన్ను గుంజుకపోతది."

ఆమె కూడా ఏమీ ఆలోచించుకోలేదట. నా ముఖం చూసి ఏదో అబద్ధం చెప్పానని గ్రహించి, ఆయన అడిగిన ప్రశ్నలోంచే అది ఏ అబద్ధమో తెలుసుకుందట. లెక్కల సారూ, నర్సమ్మా కూడా మేడం అడిగితేనే పోయామన్నారు. ఆ మధ్యాహ్నమే పెద్దమ్మను పంపించేశారు.

మర్నాడు స్టేజీ దగ్గర ఆమె ఉంటుందో లేదో అనుకున్నాను. కుండ నెత్తిన పెట్టుకొని నిలబడి ఉంది. ఊరి మొదట్లో ఆగి, "నీకు చెరువంటే గంత ఇష్టమని నాకెరుకలేకపాయె బిడ్డా" అంది. శనివారం ఒంటిపూట బడి అయ్యాక మమ్మల్ని పిలిచి, "నడువుండ్రి, చెరువు సూపెడుత" అని ముందు నడిచింది. అన్న మాట నిజం చెయ్యాలి కదా అనుకుందేమో, ఆ తరువాత నాలుగేళ్ళు శనివారం శనివారం మా నలుగురినీ చెరువు చుట్టూ తిప్పింది. పోలీసుల కంటా పడ్డాము, ఒకటి రెండుసార్లు తుపాకులు భుజాన వేసుకున్న అన్నల కంటా పడ్డాము. చెరువు పిచ్చి పంతులమ్మలు అని అందరూ వదిలేశారు.

ఆమె చూపిస్తుంటేనే నేను చెరువును చూశాను. మా ఇంట్లో చెరువు అంటే ఎన్ని ఎకరాలు పారుతుందన్న లెక్క. బుడుబుంగ పిట్ట మునిగిన చోట తేలదని, అది ఎక్కడ తేలుతుందో పందెం వేసుకోవచ్చని ఆమె చెప్పింది. మత్తడి కింద చేపలు ఎదురెక్కే వేళ, తుమ్మచెట్ల మీద కొంగలు పిల్లల్ని పెట్టే నెల, తూము దగ్గర ఎండాకాలంలో కూడా చల్లగా ఉండే రాయి, అన్నీ ఆమె చూపించినవే. ఆపా అక్కడే ఆ రాయి మీద కూర్చొని రంజాను నెలలో ఖురాను చదువుకునేది. పెద్దమ్మ దూరంగా కూర్చొని, మా మాటలను కూడా చేత్తో ఆపేది.

తరువాత నాకు జగిత్యాలకు, ఆపాకు కోరుట్లకు బదిలీ అయింది. పెళ్ళిళ్ళు, పిల్లలు, ఇళ్ళు. కొన్నేళ్ళకు పెద్దమ్మ పోయిందని లెక్కల సారు చెప్పాడు. అప్పటికే పదిరోజులు దాటిపోయింది.

ఇటలీ నడక చివరి రోజున అందరం భోజనానికి కూర్చున్నప్పుడు, ఈ సరస్సు చుట్టూ నడవాలని మీకెందుకు అనిపించిందని గైడు ఒక్కొక్కరిని అడిగింది. మా వంతు వచ్చినప్పుడు, మా ఇద్దరికీ చెరువులంటే పిచ్చి అని ఆపా చెప్పింది. మా చెల్లెలి బిడ్డ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. అందరూ మెచ్చుకున్నారు. దేనికీ తొణకని ఆపా అప్పుడు కళ్ళు తుడుచుకోవడం చూసి ఆ పిల్ల భయపడింది. గదికి వచ్చాక ఇద్దరం కలిసి దానికి ఇదంతా చెప్పాము.

ఆ పిల్ల అంతా విని, "మరి ఆమెకు ముందే తెలుసా? తెలిస్తే ఆ కానిస్టేబుల్ సంగతేంది? మీరు అడగలేదా?" అంది.

అడగలేదు. ఆరేళ్ళు ఆమె వెనక నడిచి ఒక్కసారి కూడా అడగలేదు. ముందు రోజు ఎవరో చెప్పారో, తెల్లవారి ఆ బాటలో ఏమైనా కనబడిందో, ఊరికే మనసు కీడు శంకించిందో నాకు తెలియదు. తెలిసి ఉంటే, ఆమె చెప్పగలిగింది నలుగురికే, మిగతావాళ్ళకు చెబితే ఆమె ప్రాణాలతో ఉండేది కాదు. ఆ కానిస్టేబులు కట్టుకున్న కొత్త పెళ్ళికూతురిని తలచుకున్నప్పుడల్లా నా అబద్ధం నాకు బరువుగానే ఉంటుంది, అయినా మళ్ళీ ఆ గదిలో నిలబెడితే అదే మాట చెబుతాను. నాకు ఆ తరువాత దక్కిన బతుకంతా, భర్త, పిల్లలు, ముప్పై ఏళ్ళ బడి, ఈ నడకలు, అన్నీ ఆమె ఆ పొద్దున పక్కకు తిరిగినందుకే దక్కాయి. మా వాళ్ళ చేలల్లో నడుము వంచిన తల్లి కూతురు ఆమె. నన్ను వదిలేసి పోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

ఆ రోజుల్లో ఒకరినొకరం కాపాడుకోవడమంటే సగం అడగకుండా ఉండటమే. ఒక ప్రశ్న అడిగామంటే దానికి జవాబు మన దగ్గర ఉన్నట్టు, ఉన్న జవాబును ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు మన చేత చెప్పిస్తారు. ఇప్పుడు ఆ ఊరికి తారు రోడ్డు పడింది, కారులో సిరిసిల్ల నుంచి గంట కూడా పట్టదు, ఎవరు ఎవరినైనా ఏమైనా అడగవచ్చు, మా చెల్లెలి బిడ్డ లాంటి పిల్లలు నిలబెట్టి అడుగుతారు, మంచిదే. ఆ ధైర్యం మాకు కూడా వచ్చింది. కానీ అది వచ్చేసరికి జవాబు చెప్పవలసిన మనిషి లేకుండా పోయింది.