ఎక్కే ముందు ఒకటి, దిగాక ఒకటి

మా బావ లిఫ్టు మెకానిక్కు. ముప్పై ఏళ్లుగా జనాన్ని పైకీ కిందికీ మోసే పెట్టెలను బాగుచేస్తూ, తాను మాత్రం మెట్లెక్కుతూ బతికిన మనిషి. ఆయన వెళ్లేసరికి లిఫ్టు ఆగిపోయి ఉంటుంది మరి, మెట్లు కాక ఇంకేం దిక్కు. మోకాళ్లు అరిగిపోయాయని మూలుగుతాడు, పని మానెయ్యమంటే వినిపించనట్టు గోడవైపు చూస్తాడు. చేతులకు గ్రీజు, చెవి మీద పెన్సిలు, అడిగినదానికి సగం జవాబు. అదీ మా బావ.

ఆయన మా అక్కను చేసుకున్నప్పుడు నాకు పదేళ్లు. పెళ్లయిన మొదటి వారంలోనే ఆయన పనిముట్ల సంచి మొత్తం నేల మీద బోర్లించి, ఇదేంటి, అదెందుకు అని ప్రాణం తీశానట. అప్పటినుంచీ నన్ను "ఇన్‌స్పెక్టరమ్మా" అనే పిలుస్తాడు. నలభై దాటాయి, ఇద్దరు పిల్లల తల్లిని, అయినా అదే పిలుపు. వాళ్లకు పిల్లలు లేరు. అందుకని అక్క తిట్లూ బావ వెక్కిరింతలూ అన్నీ నా వాటాకే వచ్చాయి.

లిఫ్టు పైకీ కిందికీ తిరిగే ఆ లోతైన గొయ్యి అంటే అక్కకు హడలు. బావతో పనిచేసే ఒకాయన అందులో పడి చనిపోయాడు. ఆ కబురు విన్న రోజునుంచి బావ గుమ్మం దాటితే చాలు, ఆవిడ గుండె గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేది. ఫోన్ చెయ్యమంటే బావ చెయ్యడు. చెయ్యకూడదని కాదు, పనిలో పడితే ఆయనకు ఒళ్లు తెలియదు. పైగా గొయ్యిలో సిగ్నల్ ఉండదు. దీని మీద ఇంట్లో జరిగిన గొడవలు ఇన్నీ అన్నీ కావు.

చివరికి అక్కకు ఒక ఉపాయం తట్టింది. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరుమీదా ఉంది, దానికి ఇచ్చిన ఫోన్ నెంబరు అక్కది. బావ డెబిట్ కార్డు ఎక్కడ గీకినా దుకాణం పేరూ ఎంత అయిందీ అక్క ఫోనుకు మెసేజ్ వస్తుంది. "మీ బావ ఫోన్ చెయ్యడం మరిచిపోతాడు గానీ టీ తాగడం మరిచిపోడు కదే" అంది నాతో. అలా పెట్టింది నియమం. గొయ్యిలోకి వెళ్లే ముందు పక్కనున్న కొట్లో ఏదో ఒకటి కార్డుతో కొనాలి. పని అయి బయటకొచ్చాక మళ్లీ ఒకటి కొనాలి. ఎక్కే ముందు ఒకటి, దిగాక ఒకటి. మధ్యలో ఉన్న గంటో రెండు గంటలో అక్క పప్పు కూడా స్టవ్వు మీద పెట్టేది కాదు, మాడబెడతానని.

పదకొండేళ్లు అలా నడిచింది. నేను వెళ్లినప్పుడల్లా ఫోను చూసి చెప్పేది, "బావ దిగాడు, టీతో పాటు బన్ను కూడా తిన్నాడు, పాపం ఆకలేసినట్టుంది" అని. ఒకసారి మిఠాయి దుకాణం పేరుతో మెసేజ్ వచ్చింది. సాయంత్రం ఆయన ఇంటికొచ్చాక షుగరున్న మనిషికి మిఠాయేంటని ఏకిపారేసింది. ఆయన సోఫాలో కూర్చుని, "ఇంత నిఘా జైల్లో కూడా ఉండదు ఇన్‌స్పెక్టరమ్మా" అని నావైపు చూసి నవ్వాడు. తప్పించుకోవాలని మాత్రం ఏనాడూ చూడలేదు.

ఇక నా సంగతి. నేను పెద్ద సరుకుల దుకాణంలో మూడో నెంబరు కౌంటర్లో బిల్లులు కొడతాను. రోజుకు రెండొందల సార్లు "డెబిట్టా, క్రెడిట్టా?" అని అడుగుతాను. రెండేళ్ల కిందట ఒక బ్యాంకు మా దుకాణంతో కలిసి క్రెడిట్ కార్డు ఒకటి పెట్టింది. వచ్చిన ప్రతి మనిషికీ దాని గురించి చెప్పి ఫారం నింపించాలి. ఫారానికి మూడు వందలు మాకు. నెలాఖరు దగ్గర పడింది, నెలకు నింపించాల్సిన లెక్కలో నాకు ఇంకా ఒకటి తక్కువైంది. సరిగ్గా అప్పుడే బావ సబ్బులూ బ్లేళ్లూ పట్టుకుని నా వరుసలో నిలబడ్డాడు.

"బావా, ఆ డెబిట్ కార్డు పట్టుకుని ఇంకెన్నాళ్లు తిరుగుతావు?" అన్నాను. "అది గీకిన మరుక్షణం నీ ఖాతాలో డబ్బు పోతుంది. క్రెడిట్ అయితే నెలాఖరుకు ఒకేసారి కట్టుకోవచ్చు. వందకు రెండు పాయింట్లు వస్తాయి. ఎవడైనా నెంబరు కొట్టేశాడనుకో, ముందు పోయేది బ్యాంకు డబ్బు, నీ జీతం కాదు."

చెప్పిందాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఇప్పటికీ అడిగినవాళ్లకు అదే చెబుతాను.

బావ ఒక్కటే అడిగాడు. "మరి మెసేజ్ వస్తుందా?"

"ఎందుకు రాదు బావా, భేషుగ్గా వస్తుంది" అన్నాను.

ఎవరికి వస్తుందని ఆయన అడగలేదు, నేను ఆలోచించలేదు. వెనకాల వరుస పెరుగుతోంది. కళ్లజోడు తేలేదన్నాడు, ఖాళీ ఫారం కింద సంతకం పెట్టించుకుని పంపేసి, తరువాత నేనే నింపాను. ఫోన్ నెంబరు గడిలో ఆయన నెంబరే రాశాను, కార్డు ఎవరి పేరుమీద ఉంటే వాళ్ల నెంబరు రాయడం మాకు అలవాటు. వచ్చిన మూడు వందలతో నేను చెప్పులు కొనుక్కున్నాను.

కార్డు వచ్చిన మర్నాడు బావ తొమ్మిది అంతస్తుల భవనంలో పనికి వెళ్లాడు. మొదటిసారి కొత్త కార్డుతో టీ కొన్నాడు. మెసేజ్ వచ్చింది, ఆయన ఫోనుకే, అదీ పనిముట్ల సంచి అడుగున. అక్కకు కబురు చేరిందనే ధీమాతో ఆయన పైకెక్కాడు. అక్క పొద్దున్నుంచీ ఫోను చేత్తో పట్టుకుని కూర్చుంది. ఫోన్ చేస్తే అందుబాటులో లేరని వస్తోంది. ఒంటిగంట దాకా ఓర్చుకుంది, ఆ తరువాత చీర కూడా మార్చుకోకుండా బయలుదేరింది. భవనంలో లిఫ్టు ఆపేసి ఉంది. ఆపింది బావే, బాగుచేస్తున్నాడు కదా. ఆవిడ మెట్లెక్కింది. ఆరో అంతస్తుకూ ఏడో అంతస్తుకూ మధ్య కూలిపోయింది.

గుండె ముందునుంచే బలహీనంగా ఉందట, ఎప్పుడైనా జరగొచ్చట. డాక్టరు అలాగే చెప్పాడు. డాక్టర్లకేం, అలాగే చెబుతారు. నేను ఆసుపత్రికి పరిగెత్తింది ఆ కొత్త చెప్పులతోనే. తిరిగి వస్తూ వాటిని అక్కడే వదిలేశాను.

అక్క సంచీ నా చేతికిచ్చారు. అందులో ఫోనుంది. తరువాత బావకు ఇద్దామని మా ఇంట్లో బీరువాలో పెట్టాను. ఎందుకో తెలియదు, చార్జింగు కూడా పెట్టాను. మూడు వారాల తరువాత, నేను బట్టలు మడతపెడుతుంటే బీరువాలో ఏదో బుర్రుమంది. తీసి చూస్తే మెసేజ్. టీ కొట్టు, పదిహేను. గంటన్నర తరువాత మళ్లీ మోగింది. టీ కొట్టు, పదిహేను.

బావ పనికి వెళ్తున్నాడు. క్రెడిట్ కార్డు మూలన పడేసి, పాత డెబిట్ కార్డే గీకుతున్నాడు. ఎక్కే ముందు ఒకటి, దిగాక ఒకటి, చనిపోయిన మనిషికి చెప్పి మరీ.

ఆ ఫోను ఇచ్చెయ్యాల్సింది. ఇవ్వలేదు. నెలనెలా రీచార్జి చేయించాను. మా దుకాణంలో పనివాళ్ల ఫోన్లు లాకర్లో పెట్టాలి, అది నియమం. నా ఫోను లాకర్లో పెట్టి, అక్క ఫోను మాత్రం శబ్దం తగ్గించి ఏప్రాను జేబులో దాచుకునేదాన్ని. శనివారం సాయంత్రం బావ నా కౌంటరుకే వచ్చేవాడు.

"డెబిట్టా, క్రెడిట్టా, బావా?" మిషన్లో ఏదో ఒకటి నొక్కాలి కాబట్టి అడగక తప్పదు.

"డెబిట్టే."

ఆయన పిన్ను కొట్టేవాడు. రెండు క్షణాల తరువాత నా నడుం దగ్గర ఫోను వణికేది. వినపడకుండా నేను కవర్లు గలగలలాడించేదాన్ని, వాతావరణం గురించి గట్టిగా మాట్లాడేదాన్ని. ఆయన సంచిలోకి చూస్తూ నిలబడేవాడు. ఒక శనివారం మాత్రం, "ఆ ఫారం నేనే సరిగ్గా చూసుకోవాల్సింది. ఎవరి నెంబరు వేస్తారో అడక్కుండా సంతకం పెట్టాను" అన్నాడు. నోరు తెరవడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. నేను చిల్లర సొరుగు తీసి, ఊరికే మళ్లీ మూశాను. బావ తప్పంతా తన నెత్తిన వేసుకుని తిరుగుతున్నాడు, నేను వేసుకోనిచ్చాను. ఆ సంగతి తలచుకుంటే నాకు నామీదే అసహ్యం వేస్తుంది.

పోయిన నెలలో ఒక మంగళవారం. తొమ్మిదిన్నరకల్లా రావాల్సిన మొదటి మెసేజ్ రాలేదు. పదకొండయింది, రాలేదు. ఒకావిడకు నూనె డబ్బా రెండుసార్లు బిల్లు కొట్టి చీవాట్లు తిన్నాను. పన్నెండుకు దుకాణం ఫోన్లోంచి బావకు చేస్తే అందుబాటులో లేరంది. ఆయన ఆఫీసుకు చేశాను. ఆ గుమాస్తా తాపీగా ఎక్కడున్నాడో చెప్పాడు. అదే తొమ్మిది అంతస్తుల భవనం.

కౌంటరు అలాగే వదిలేశాను. మేనేజరు వెనకనుంచి అరుస్తున్నాడు, అరవనీ అనుకున్నాను. లాకర్లోంచి సంచీ లాక్కుని, దొరికిన బండెక్కి వెళ్లాను. లిఫ్టు ముందు గొలుసు, దానికి అట్టముక్క, "మరమ్మతులో ఉంది" అని బావ చేతిరాత. మెట్లెక్కడం మొదలుపెట్టాను. మూడో అంతస్తుకు నోరు ఎండిపోయింది. ఐదో అంతస్తులో ఎవరో "ఎవరు కావాలమ్మా?" అంటే ఆగకుండా చేత్తో పైకి చూపించాను. ఆరు దాటాక ఆ మలుపు వచ్చింది. అక్క ఇక్కడిదాకా ఇలాగే వచ్చింది, ఈ కమ్మీనే పట్టుకుంది, ఈ భయంతోనే. నా వెనకాల ఇంకెవరో రొప్పుతున్నట్టనిపించింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం చాల్లేదు.

పైన లిఫ్టు మోటారు గది తలుపు తీసే ఉంది. బావ పనిముట్ల పెట్టె మీద కూర్చుని గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఏంటే, ఇలా వచ్చావు?" అని గభాల్న లేచాడు.

ఊపిరందక, ఏప్రాను జేబులోంచి అక్క ఫోను తీసి చూపించాను. "మెసేజ్ రాలేదు బావా."

ఆయన ఆ ఫోను చూసి ఆశ్చర్యపోలేదు. "పంపాను కదా. నీ ఫోను చూసుకోలేదా?"

సంచిలోంచి నా ఫోను తీశాను. బ్యాంకునుంచి రెండు మెసేజ్‌లు. మొదటిది పొద్దున తొమ్మిదింటికి, ఈ నెంబరు ఇకనుంచి ఫలానా ఖాతాకు జతచేశామని. రెండోది తొమ్మిదీ ఇరవైకి. టీ కొట్టు, పదిహేను.

"నిన్న బ్యాంకుకెళ్లి నెంబరు మార్పించాను" అన్నాడు. "కార్డు గీకినప్పుడల్లా నీ నడుం దగ్గర ఫోను మోగుతోంది. నాకు మోకాళ్లు పోయాయి గానీ చెవులు పోలేదు. దొంగతనంగా ఎన్నాళ్లు మోస్తుందిలే అని, నీ నెంబరే ఇచ్చాను. శనివారం చెబుదామనుకున్నా. నీ ఫోన్ లాకర్లో ఉంటుందని నాకేం తెలుసు?"

అంటూనే ఆయన నావైపు తిరిగాడు. నా ముఖం, నా ఏప్రాను, ఆ మెట్లు చూశాడు. మళ్లీ పెట్టె మీద కూలబడ్డాడు.

"చూశావా" అన్నాడు. "నేనూ అదే చేశాను, ఎక్కడ మోగుతుందో చూసుకోకుండా నెంబరు ఇచ్చేశాను."

ఇక ఆపుకోలేకపోయాను. "బావా, ఆ ఫారంలో నీ నెంబరు రాసింది నేనే."

"తెలుసు. ఏడు అంకెకు నడుం మీద అడ్డగీత పెట్టేది మనింట్లో నువ్వొక్కదానివే. ఫారం కాపీ ఇంట్లోనే ఉంది."

"మరి ఎందుకడగలేదు?"

"నువ్వే చెప్తావని చూశాను."

రెండేళ్లు చూశాడు. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను, ఆయన గ్రీజు గుడ్డ ఇవ్వబోయి, దానివైపు చూసి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరం మెట్లు దిగాం. ఆ మలుపు దగ్గర ఆయన కమ్మీ వదిలేసి గోడవైపుకు జరిగి నడిచాడు, నేనూ జరిగాను. కింద టీ కొట్టతను బావ కార్డు తీసుకుని, "డెబిట్టా, క్రెడిట్టా?" అన్నాడు. బావ డెబిట్టే అన్నాడు. నా చేతిలో ఫోను మోగింది. టీ కొట్టు, ముప్పై.

మేనేజరు కాళ్లావేళ్లా పడి నా ఫోను కౌంటరు దగ్గరే ఉంచుకోవడానికి ఒప్పించాను. అక్క ఫోను బీరువాలో ఉంది, ఇంకా చార్జింగు పెడుతూనే ఉన్నాను. ఇప్పటికీ ఒక్కోసారి నడుం దగ్గర వణికినట్టవుతుంది, చెయ్యి పెట్టి చూస్తే జేబు ఖాళీ. పప్పు స్టవ్వు మీద ఎందుకు పెట్టేది కాదో అక్కను ఇక అడగక్కర్లేదు.

ఈ రోజు నాకు సెలవు, ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. టైము మధ్యాహ్నం రెండున్నర. ఎక్కే ముందుది పదకొండింటికి వచ్చింది. దిగాక రావాల్సింది ఇంకా రాలేదు.