రైలెక్కి పోయేవాళ్లతో ఇంగ్లీషు

నాంపల్లి స్టేషన్లో రాజమండ్రి రైలు కోసం కూర్చున్నాను. పక్కనున్న డిగ్రీ అమ్మాయి ఒళ్లో ఆబిడ్స్‌లోని ఒక స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ సంచి ఉంది. ఏ ఊరు వెళ్తున్నారని ఇంగ్లీషులో అడిగింది. తెలుగులో చెప్పాను.

"జర ఇంగ్లీషులనే మాట్లాడుండ్రి సార్. ఇంటర్వ్యూల గదే అడుగుతరు. హాస్టల్ల నోరు తెరిస్తే, దొరసానివైనవా ఏందే అని దోస్తులు నవ్వుతరు. మీరైతే రైలెక్కి పోతరు, నవ్వినా ఫికర్ లేదు."

తడబడుతూనే తను చేయాలనుకుంటున్న ఉద్యోగం గురించి చెప్పసాగింది. ఇంతలో ఆమె హాస్టల్ స్నేహితులు కాబోలు, ఇద్దరమ్మాయిలు వచ్చారు. ఆమె చటుక్కున మాట ఆపేసి, నేనెవరో తెలియనట్టు అటు తిరిగింది.

"ఏందే, గీడ కూసున్నవ్?"

"ఏం లేదే, ఊకెనే."

నాలుగు మాటలు నేర్చుకోవడానికి ఇంత దొంగచాటా అని ఒళ్లు మండింది. రైలెక్కి కిటికీలోంచి చూశాను. ఆ ఇద్దరి భుజాలకూ అదే సెంటర్ సంచులు.