మంచుల పడ్డ గుర్రం

గుర్రం లేసింది. ముందుగాల ఈ సంబురం చెప్పనియ్యుండ్రి, ఏడుపు ఎన్కనే ఉన్నది. మా చిన్నమామ, అంటే మా అమ్మ తమ్ముడు, మొన్న తెల్లారంగ సిరిసిల్లల పానమిడిసిండు. మా చిన్నతనంల నడిమిట్ల ఆగిపోయిన కథ ఒకటి ఉండె. దాన్ని పోయే ముందల ఒడగొట్టి, ఆఖరుదాక చెప్పి పోయిండు. అందుకే నాకు కండ్లల్ల నీళ్ళు, కడుపుల సంతోషం రెండూ ఒక్కసారే ఉన్నయి. నేను ఏడో తరగతిల బడి ఇడిసి కోరుట్లల బట్టలు కుట్టుకుంట బతికినోన్ని. రాసుడు నా పని గాదు, తప్పులుంటే సైసుండ్రి.

మామది నేతపని. వయసుల ఉన్నప్పుడు భీమండికి పోయి మిల్లుల చేసిండు. అందరు ఆడికెల్లి గడియారాలు, చీరెలు తెస్తే మామ రేకుపెట్టె నిండ తెల్లోళ్ళ బొమ్మల పుస్తకాలు తెచ్చిండు. పాత కాయితాలమ్మే రద్దీ దుకాణంల తూకానికి కొన్నవి. సగానికి అట్టలు లెవ్వు. అన్నీ ఇంగ్లీషే. మామకు ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు.

అయినా చదివెటోడు. ఎండకాలం సెలవులల్ల నేను, ముస్తాబాద్ చిన్నమ్మ కొడుకులు, ఎల్లారెడ్డిపేటల ఇచ్చిన మా అక్క, అప్పటికింక ఆమె లగ్గం కాలేదు, అందరం సిరిసిల్లల చేరెటోళ్ళం. పగటీలి బువ్వ తిన్నంక మామ గుంటమగ్గంల కాళ్ళు పెట్టి కూసోని, నేసిన బట్ట మీద పుస్తకం పరిచి, బొమ్మ బొమ్మకు ఏలు పెట్టి కథ చెప్తుండె. చిన్నత్త పక్కపొంటి కూసోని నూలు కండెలు చుట్టుకుంటుండె. గుర్రాలెక్కి గొడ్లు కాసేటోళ్ళ కథలంటే మామకు పానం. "వీడు ఇబ్రహీంపట్నపోడు, దుబాయి పోదామంటే వీసా రాలేదు, గుర్రమెక్కిండు" అంటే మేం కిందవడి నవ్వెటోళ్ళం.

ఇంక తిప్పని పేజీ మాత్రం తానూ చూడకపోయేటోడు. అక్క ఓసారి ఆఖరి పేజీ తీయవోతే చెయ్యి మీద ఒక్కటేసిండు. "అందరం ఒక్కసారే చూడాలె పిల్లా. నేను ముందే చూస్తే ఇగ నాకేం మిగుల్తది" అన్నడు. బొమ్మల సుట్టు గీసిన గీతల పెట్టెల నడుమ తెల్లజాగ ఉంటది గదా, దాని మీద ఏలు పెట్టి "గీడ వాడేం గీయలేదు. గీడ మనమే నేసుకోవాలె" అంటుండె.

అవి ఏం రోజులో మీకెరికే. ఒక దిక్కు పోలీసులు, ఒక దిక్కు నక్సలైటు అన్నలు. ఇంట్ల అచ్చుకాయితం ఉన్నా భయమే. అసొంటి రోజులల్ల ఒకనాడు మామ మంచు కథ చెప్తుండు. మంచుగాలిల తొవ్వ తప్పినోని గుర్రం కూలవడ్డది. వాడు దాని మెడ పట్టుకొని కూసున్నడు. "లేస్తదా మామా?" అని అడిగింది అక్క. మామ పేజీ తిప్పుదామనేవరకు పోలీసు జీపచ్చి ఆగింది. మా వాడకట్టు పిలగాడొకడు అన్నలల్ల కలిసిండని ఇండ్లన్ని సోదా చేస్తున్నరు.

ఒక జవాను మగ్గం మీది పుస్తకం అందుకున్నడు.

"మెడకు ఎర్రరుమాలు కట్టుకున్నడు, ఎవడురా వీడు?"

"అమెరికోడు సారు. గొడ్లు కాస్తడు."

"గొడ్లు కాసేటోనికి తుపాకెందుకురా?"

"నాకు సుత గదే సమజైతలేదు సారు."

ఎన్కున్న జవాను కిసుక్కున నవ్విండు. నవ్వినా ఇడువలేదు. ఆ పుస్తకాన్నీ పెట్టెనూ మామనూ జీపుల ఏసుకొని పోయిండ్రు. మామ తిరిగచ్చిండు, పెట్టె రాలేదు. అచ్చినంక శానా దినాలు కుడిచెయ్యి పైకి లేవకపాయె. మగ్గం గుంటల దాసిన నాలుగు పుస్తకాలను చిన్నత్త భయానికి పొయ్యిల పెట్టింది. మామ ఆమెను ఒక్క మాట అనలేదు.

"మామా, గుర్రం లేసిందా?" అని నేను ఎన్నిసార్లు అడిగిన్నో. "నేను చూసిన్నా అల్లుడా? చూడంది ఎట్ల చెప్త?" అనెటోడు. నాకు పెండ్లయింది, పిల్లలైండ్రు. సిరిసిల్లల మరమగ్గాలచ్చినయి, మామ గుంట పూడ్చుకున్నడు. మళ్ళ ఎవ్వలకు కథ చెప్పలేదు.

మా బిడ్డ జగిత్యాలల ఇంగ్లీషు పంతులమ్మ. నేను చెప్పిన ఆనవాళ్ళు పట్టుకొని ఫోన్ల ఎతికి ఎతికి, ఆ పుస్తకాన్నే ఎక్కడికెల్లో పోస్టుల తెప్పిచ్చింది. నేనూ మామ కట్టుబాటే పట్టిన, మంచు పేజీ దాటలేదు. చిన్నప్పుడు గుర్రాన్నే చూసిన, ఈ ముసలితనంల మంచును చూసిన. ఆ గీసినాయన మంచుకు ఒక్క గీత పెట్టలేదు, కాయితాన్ని ఉత్తగ ఇడిసిపెట్టిండు. అంత తెల్లదనంల ఒక గుర్రం, ఒక మనిషి. నాకు చలి వెట్టింది. గీసెటోనికి ఏడ ఆగాల్నో ఎరుక ఉన్నదని మెచ్చుకున్న.

బిడ్డా నేనూ ఇద్దరం పుస్తకం పట్టుకొని సిరిసిల్ల పోయినం. మామ మంచం దిగుతలేడు. పుస్తకం చూసి అద్దాలడిగిండు. మంచు పేజీని అరచెయ్యితోని తడిమిండు. ఆ ఎన్క తానే తిప్పిండు.

తెల్లారింది. మంచు ఆగింది. మనిషొక్కడే నడుస్తుండు. బుజం మీద జీను. గుర్రం లేదు.

బిడ్డ ఆ పేజీల మాటలు చదివి తల వంచుకున్నది. మామ బొమ్మ మీద ఏలు పెట్టి, పెట్టె దాటి తెల్లజాగల ఆపిండు.

"లేసింది అల్లుడా."

"ఏడున్నది మామా?"

"ఎన్కకు అస్తున్నది. పెట్టె సాలలేదు. దానికి పానం బాగలేదని జీను వీడే మోస్తుండు."

ఆ మొకంల ఎలుగు నేను మర్వలేను. బస్టాండుల బిడ్డ మెల్లగ అన్నది, "బాపూ, ఆడ రాసింది గది గాదు."

"ఎరికే బిడ్డా. బొమ్మ నాకూ కనవడ్డది."

"మరి?"

"మీ తాత చూసి చెప్పిండు. అంతే."

అదే వారం మామ పోయిండు.

ఇగ ఈ గుర్రం లేసిన కబురు అందరికి చేరాలె. ఎల్లారెడ్డిపేటల అక్కకు, ఆనాడు అడిగింది ఆమెనే. ముస్తాబాద్ చిన్నమ్మ పెద్దకొడుక్కు, చెవులు వినవడయి, దగ్గరికి పోయి చెప్పాలె. దుబాయిల ఉన్న ఆయన తమ్మునికి, ఫోన్ల చెప్పాలె. చిన్నత్తకు నిన్ననే చెప్పిన. మామ చెప్పిననాడు ఆమె బయట బియ్యం ఏరుతుండె, వినలేదు. ఆమె సుత ఇన్నేండ్లు ఎదురుచూసిందని నాకు తెల్వకపాయె. గుర్రం లేసిందత్తా అన్న. ఆమె మెల్లగ అడిగింది.

"లేసినంక దానికి నీళ్ళు తాపిండా?"