ఉప్పు చూసి వడ్డించిన మాస్టారు

మౌలాలి మాస్టారు కన్నుమూశారు. బడిలో పాఠాలు ముగించుకుని నేను బాపట్ల నుంచి తెనాలి వచ్చే ప్యాసింజరు రైల్లో ఉండగా మావారు ఫోన్ చేసి ఆ వార్త చెప్పారు. మధ్యాహ్నం నమాజు చేసుకుని నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదట. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ ఉదయమే స్టేషన్లో నా చేతికి ఒక జిరాక్సు కాగితం ఇచ్చి, "సాయంత్రం వచ్చి చెప్పమ్మా, ఎదురుచూస్తుంటాను" అన్నారు. ఆయనకు చెప్పవలసిన జవాబు నా దగ్గరే ఉండిపోయింది.

రేపల్లెలో సుదీర్ఘకాలం సామాన్యశాస్త్రం బోధించి, ఉద్యోగ విరమణానంతరం తెనాలిలో మా పక్కింటికి వచ్చారాయన. నెట్ సెంటర్లో కుర్రకారు సినిమా పాటలు దించుకుంటుంటే, ఈయన ముక్కు మీదికి కళ్లజోడు జార్చుకుని దేశదేశాల ఉపాధ్యాయుల వెబ్‌సైట్లు గాలించేవారు. దొరికిన ప్రయోగాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో తెలుగులో రాసి, జిరాక్సులు తీయించి, రేపల్లె బండికీ బాపట్ల బండికీ వెళ్లే టీచర్లకు పంచేవారు. ప్రతి కాగితం నెత్తినా ఆ వెబ్‌సైటు చిరునామా ఉండేది. తన పేరు మాత్రం ఎక్కడా ఉండేది కాదు. "ఎవరి వంటో చెప్పకుండా వడ్డిస్తే అది దొంగతనమమ్మా" అనేవారు.

మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం. రంజాన్ నెలలో సాయంత్రమయ్యేసరికి ఆయన భార్య జరీనమ్మగారు పిట్టగోడ మీదుగా గిన్నె అందించేవారు. "ఉపవాసం కదా, మేం నోట పెట్టకూడదు. కాస్త ఉప్పు చూసి చెప్పమ్మా సుజాతా" అని అడిగేవారు. నేను మొహమాటానికి "బాగుందండి" అంటే లోపలి నుంచి మాస్టారి గొంతు వినిపించేది. "బాగుందంటే ఏంటమ్మా? ఎక్కువా, తక్కువా? అది చెప్పు."

కాగితాల విషయంలోనూ అదే నియమం పెట్టారు. "నాకిప్పుడు తరగతి లేదు. ఉపవాసంలో వండేవాణ్ణి. నీ బడిపిల్లల దగ్గర నువ్వు ఉప్పు చూడందే ఇంకెవరికీ ఇవ్వను" అన్నారు. అన్నప్పుడు నవ్వారు గానీ, తరగతి లేదన్న దిగులు ఆ నవ్వు చాటున దాగలేదు. ఆ వేళ నుంచి నాకు బడి నుంచి రాగానే చెప్పులైనా విడవకుండా ముందు వాళ్ల గుమ్మం తొక్కడం అలవాటైంది.

ఒకసారి ఏదో చలిదేశపు పాఠం దొరికింది. పిల్లల చేత దోసిళ్లతో మంచు తెప్పించి, కరిగించి చూపాలట. "మనకు మంచెక్కడిదమ్మా, ఐసుతో కానిచ్చెయ్" అన్నారు. నేను చేపల మార్కెట్లో ఐసు కొనుక్కుని పోయాను. సాయంత్రం వచ్చి, "ఐసు కరిగిందండి, చేపల వాసన మాత్రం కరగలేదండి" అన్నాను. పొట్ట పట్టుకుని నవ్వి, అప్పటికప్పుడు కలం తీసి "ఐసును ముందుగా కడగవలెను" అని చేర్చారు. తప్పు దొరికిందని చిన్నబుచ్చుకోవడం ఆ మహనీయుడికి తెలియదు. తప్పు దొరికిన రోజే ఆయన ఇంకో కప్పు టీ అడిగేవారు.

చెరుకుపల్లి దగ్గర అయిదు తరగతులనూ ఒంటిచేత్తో నెట్టుకొచ్చే మాస్టారొకాయన నాతో ఒక మాట అన్నారు. "నా బడికి ఏం కావాలో వెతికే మనిషి ఒకరున్నారండి. అది చాలండి నాకు." ఆ మాట మౌలాలి మాస్టారికి చేరవేస్తే, కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఆ చివరి ఉదయం ఇచ్చినది కోడిగుడ్డు ప్రయోగం. గ్లాసు నీళ్లలో గుడ్డు మునుగుతుంది, రెండు చెంచాల ఉప్పు కలిపితే తేలుతుంది అని రాశారు. మా బడిలో రెండు చెంచాలు కలిపినా గుడ్డు కదల్లేదు. "ఇంకాస్త వేద్దామండి టీచర్!" అని పిల్లలు వేస్తూనే పోయారు. చివరికి గుడ్డు పైకి తేలింది, తరగతి చప్పట్లతో మోగిపోయింది. అప్పుడు తట్టింది నాకు. ఆ వెబ్‌సైటు వాళ్ల చెంచా వడ్డించే పెద్ద చెంచా అయ్యుంటుంది. మాస్టారి చెంచా మనం టీలో పంచదార కలుపుకునేది. ఈ సంగతి చెప్పి ఆయన్ను ఎలా ఆటపట్టించాలా అని రైల్లో నాలో నేనే నవ్వుకుంటుండగా ఫోన్ మోగింది.

ఇల్లంతా జనం. జరీనమ్మగారు నన్ను చూసి చెయ్యి పట్టుకున్నారు. "అన్నం తింటూ కూడా అదే అడిగారమ్మా, సుజాత ఏం చెబుతుందోనని. సరిపోయిందా ఉప్పు?" అన్నారు. సరిపోయిందని ఆమెను ఊరడించాలనిపించింది. కానీ ఆయన పక్కనే ఉన్నారు, తెల్లటి దుప్పటి కింద. "తగ్గిందండి" అన్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు.

జ్ఞానాన్ని వెతికిపెట్టే యంత్రాలు ఇక ఇంటింటికీ వస్తాయి. మా బడి పిల్లల రుచి తెలిసి వెతికే మనిషి మాత్రం మళ్లీ రారు. ఆ లోటు తీరేది కాదు.

మాస్టారూ, చెంచా అన్నచోట పెద్ద చెంచా అని దిద్దాను. రేపు రేపల్లె బండికీ బాపట్ల బండికీ జిరాక్సులు ఇస్తున్నాను. పైన వెబ్‌సైటు చిరునామా అలాగే ఉంచి, కింద మొదటిసారిగా మీ పేరు రాశాను. కోప్పడకండి. ఎవరి వంటో చెప్పాలి కదండీ.